విషయం: ఉంగరానికి తగిన లోహం

కోహ్కా, భిలాయి
5 ఆగస్టు 2024

శ్రీ బలరాం ఆచారి గారికి,
బంగారు ఆభరణాల దుకాణం, పవర్ హౌస్ మార్కెట్.

విషయం: వివాహపు ఉంగరములు – తగిన లోహం ఎంపిక – మీ అభిప్రాయం కోరుట.

అయ్యా, ప్రభువు నామమున వందనములు.

ఉక్కు కర్మాగారంలో పట్టాల తనిఖీ విభాగం నుండి పదవీ విరమణ చేసిన యేసుదాసు అను నేను తెలియజేయునది ఏమనగా: 1984లో మా వివాహానికి మీ నాన్నగారు రెండు బంగారు ఉంగరాలు చేసి ఇచ్చారు. వాటిలో నా భార్య విమలకుమారి ధరించినది గత నెల సేవలో విఫలమైనది. మూత్రపిండాల వ్యాధి వల్ల ఆమె వేళ్లు వాచాయి. ఉంగరం వేలిని నొక్కివేయగా ఆసుపత్రిలో కట్టరుతో కోసి తీశారు. నా ఉంగరం ఇంకా వేలికే ఉన్నది గాని, జత తప్పిన వస్తువును ఒంటరిగా వాడుకలో ఉంచడం సరైన పద్ధతి కాదు.

నవంబరు 21 నాటికి మా పెళ్లికి నలభై ఏళ్లు నిండుతాయి. పాస్టరు గారు ప్రార్థన జరిపిస్తారు. ఆనాడు ఆమె వేలు ఖాళీగా ఉండరాదు. ఈ ఉత్తర ప్రత్యుత్తరాల ఉద్దేశం అంతే.

బంగారం ఒకసారి విఫలమైనందున దానిని అనర్హ లోహంగా ప్రకటించాను. ప్రథమ ప్రాధాన్యం స్టీలుకు ఇస్తున్నాను; మా ఇంట్లో ఉడికిన అన్నమంతా దాని జీతమే. మీ అభిప్రాయం లిఖితపూర్వకంగా పంపగలరు. మీ దుకాణం ఆటోలో పావుగంట దూరమే అయినా, నోటిమాటకు రికార్డు ఉండదు గనుక రిజిస్టరు పోస్టును ఆశ్రయిస్తున్నాను.

ఇట్లు,
యేసుదాసు

తా.క.: దీనిని చదివి వినిపించగా విమలకుమారి, "నలభై ఏళ్లు కాపురం చేశారు, నాకు పసుపు రంగు ఇష్టమని మీ తనిఖీలో ఇంకా తేలలేదా?" అన్నది. ఆమె అభిప్రాయాన్ని నమోదు చేసుకున్నాను. దానికి కట్టుబడనవసరం లేదు.

*

పవర్ హౌస్
13 ఆగస్టు 2024

గౌరవనీయులైన యేసుదాసు గారికి నమస్కారాలు. సింహాద్రి అప్పన్న దయవల్ల మేమంతా క్షేమం.

మీ ఉత్తరం కోహ్కాలో బయలుదేరి, దుర్గ్ చూసుకుని, తీరుబడిగా మా దుకాణానికి వచ్చింది. నాకు కళ్లలో శుక్లాలు. పెద్ద అక్షరాలతో రాయగలను గాని చిన్న అక్షరాలు చదవలేను. మా అమ్మాయి సత్యశ్రీ చదివి పెట్టింది. ఆమె ఇక్కడే పుట్టి హిందీ మీడియంలో చదివింది. తెలుగులో పొడవైన మాట కనబడితే, స్పీడ్ బ్రేకరును తప్పించే స్కూటీలాగా పక్కనుంచి పోతుంది. ఆ ప్రకారం నాకు చేరిన సారాంశం: పెళ్లి, ఉంగరాలు, స్టీలు, నవంబరు.

ఈ వయసులో మీరు తీసుకున్న నిర్ణయానికి శుభాకాంక్షలు. ముందటిది విఫలమైందని కూడా ఉన్నదట. ఎవరి ఇంట్లోనైనా జరిగేదే, బాధపడకండి. కాని కొత్త పెళ్లికూతురికి స్టీలు ఉంగరం తొడిగితే ఆమె పుట్టింటివారు ఏమనుకుంటారో ఒకసారి యోచించండి. స్టీలే కావాలంటే మా ఎదురుగా గిన్నెల దుకాణం ఉన్నది. అక్కడ గ్లాసు మీద పేరు ఉచితంగా చెక్కి ఇస్తారు.

తమ విధేయుడు,
బలరాం ఆచారి

తా.క.: "పప్పా, దుల్హన్ ఏ ఊరో అడుగు" అంటున్నది సత్యశ్రీ. చెప్పడం మీ ఇష్టం.

*

కోహ్కా
19 ఆగస్టు 2024

శ్రీ ఆచారి గారికి వందనములు.

విషయం: తమ ఉత్తరంలోని దోషముల సవరణ.

మీరు అభినందించిన వధువు వయస్సు అరవై నాలుగు. ఆమె నా ప్రస్తుత భార్య. మొదటి భార్య, ఏకైక భార్య కూడా ఆమెయే. విఫలమైనది ఉంగరం; వివాహం కాదు. ఈ వాక్యాలలో పొడవైన మాటలు లేకుండా జాగ్రత్త పడ్డాను.

ఇతర లోహాలను పరిశీలించాను. వెండి నల్లబడుతుంది. ప్లాటినం స్టీలులా కనిపిస్తూనే బంగారాన్ని మించిన గర్వం చూపుతుంది. టైటానియం మా ఆసుపత్రి కట్టరుకు లొంగుతుందో లేదో అక్కడి సిస్టరు చెప్పలేకపోయింది, "అంకుల్, ఉంగరమే ఎందుకు? దారం కట్టండి" అన్నది. ఆమె సలహా పరిశీలనలో లేదు.

నా నిబంధనలు: ఎంచుకున్న లోహం ఇరవై ఐదేళ్ల సేవాకాలానికి హామీ ఇవ్వాలి. అయస్కాంతానికి అంటరాదు, ఎందుకంటే ఆమెకు తరచుగా స్కానింగులు జరుగుతున్నవి. పరీక్ష కోసం నా సొంత అయస్కాంతం జతపరచాను. వేలి కొలతలు ఉదయానివి వేరుగా, సాయంత్రానివి వేరుగా పంపుతున్నాను.

కోసిన పాత ఉంగరాన్ని సాక్ష్యంగా బీరువాలో భద్రపరచాను. అది ఇప్పుడు కనిపించడం లేదు. విమలకుమారిని ప్రశ్నించగా, "నన్నడిగితే? బీరువా తాళాలు మీ జేబులోనే కదా" అన్నది. విచారణ కొనసాగుతున్నది.

ఇట్లు,
యేసుదాసు

తా.క.: మీ ఉత్తరం విని విమలకుమారి చాలాసేపు నవ్వింది. ఆసుపత్రి మొదలైన తరువాత ఇదే మొదటిసారి. దీనిని మీ పనితనానికి ప్రశంసగా భావించరాదు.

*

పవర్ హౌస్
30 ఆగస్టు 2024

గౌరవనీయులైన యేసుదాసు గారికి నమస్కారాలు.

మీ ఉత్తరంలోని ఒక విషయం నన్ను కలవరపెట్టింది. మీరు ఉదయానికి ఒక వేలి కొలత, సాయంత్రానికి మరొక వేలి కొలత పంపారు. రెండింటికీ చాలా తేడా ఉన్నది. ఇవి ఇద్దరు స్త్రీల వేళ్లని ఈ పనిలో తల నెరిసిన నాకు తెలియదా? మా నాన్నగారు ఎందరి గుట్టునో కడుపులో పెట్టుకుని పోయారు. నేనూ పెట్టుకుంటాను. కాని చర్చికి వెళ్లే పెద్దమనిషి, పైగా రిజిస్టరు పోస్టులో!

అయస్కాంతం సంగతి. మా నాన్నగారి చేతి వస్తువును నలభై ఏళ్లు ధరించి, ఆయన కొడుకు సరుకు మీద అయస్కాంతం పెడతారా? నకిలీ బంగారం అనుమానించేవారు చేసే పని అది. ఇరవై ఐదేళ్ల హామీ అన్నారు. అప్పటికి మీ వయసు, నా వయసు కలిపి చూసుకుంటే, ఫిర్యాదు ఎవరు ఎవరికి చేస్తారో తెలియకుండా ఉన్నది.

విధేయుడు,
బలరాం ఆచారి

తా.క.: అయస్కాంతాన్ని కోపంతో బల్ల మీద విసిరాను. ఎప్పుడో పోయిన సూదులన్నీ పగుళ్లలోంచి బయటికి వచ్చాయి. కోపం అలాగే ఉన్నది, అయినా ధన్యవాదాలు.

*

కోహ్కా
20 సెప్టెంబరు 2024

శ్రీ ఆచారి గారికి వందనములు.

ఆలస్యానికి చింతిస్తున్నాను. ఇది డయాలిసిస్ గది బయటి బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను.

రెండు కొలతలూ ఒకే వేలివి. ఎడమచేతి ఉంగరపు వేలు. ఉదయానికి ఒక విధంగా ఉంటుంది, సాయంత్రానికి మరొక విధంగా ఉబ్బుతుంది. రోజూ నేనే దారం చుట్టి కొలుస్తాను. అంతకన్నా పెద్ద రహస్యం మా ఇంట్లో లేదు.

పట్టా లోపలి పగులును పైనుంచే కనిపెట్టడం నా ఉద్యోగం. నేను పాస్ చేసిన పట్టాల మీద ఎన్నో రైళ్లు నడుస్తున్నవి. ఈమె కాళ్లు వాస్తున్నాయని ఆరు నెలలు చెబుతూ ఉంటే మాత్రం, చెప్పులు మార్చమని సలహా ఇచ్చాను.

డాక్టరు గారితో మాట్లాడిన మీదట నిబంధనలలో ఒక సడలింపు. ఇరవై ఐదేళ్ల సేవాకాలం అవసరం లేదు. నవంబరు 21 వరకు నిలిస్తే చాలును. స్టీలు గురించి పట్టుదల లేదు. పసుపు రంగు లోహం ఏదైనా పరిశీలించగలరు.

ఇట్లు,
యేసుదాసు

తా.క.: ఇద్దరు స్త్రీల సంగతి వినిపించినప్పుడు విమలకుమారి, "ఆ సాయంత్రం ఆవిడెవరో కాస్త వంట వచ్చినదేనా?" అని అడిగింది. నవ్వితే దగ్గు వస్తున్నది. అయినా మళ్లీ చదవమన్నది.

*

పవర్ హౌస్
1 అక్టోబరు 2024

గౌరవనీయులైన యేసుదాసు గారికి నమస్కారాలు.

సత్యశ్రీ చదివినంతలో నాకు అర్థమైనది: మీకు నవంబరు వరకే ఉంగరం కావాలి, ఆ తరువాత అవసరం లేదు. అయ్యా, మేము నగలు అద్దెకు ఇవ్వము. ఆ వ్యాపారం నాటకాల వారికి సామాన్లు ఇచ్చేవారిది. వారి దగ్గర కిరీటం కూడా దొరుకుతుంది. కావాలంటే చిరునామా పంపగలను.

పసుపు రంగు లోహం అన్నారు. ఇత్తడి, రాగి, బంగారం: వీటిలో ఏది కావాలో, విడివిడిగా కారణాలతో మళ్లీ రాయండి. తొందర లేదు. వివరంగా రాయండి.

విధేయుడు,
బలరాం ఆచారి

తా.క.: అమ్మగారిని అడిగానని చెప్పండి.

*

కోహ్కా
28 అక్టోబరు 2024

శ్రీ ఆచారి గారికి వందనములు.

విషయం: ఆర్డరు రద్దు.

ఉంగరం ధరించవలసిన వ్యక్తి ఈ నెల 24న ప్రభువునందు నిద్రించినందున, లోహం ఎంపికకు సంబంధించిన ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ ఇంతటితో ముగించడమైనది. ఏ లోహమూ ఖరారు కాలేదు. అది నా జాప్యమే. ఆమె వేలు ఖాళీగానే వెళ్లింది.

కోసిన ఉంగరం దొరకలేదు. విచారణ నిలిపివేశాను.

యేసుదాసు

*

పవర్ హౌస్
15 నవంబరు 2024

యేసుదాసు గారికి నమస్కారాలు.

దీనిని పోస్టులో పంపడం లేదు. 21వ తేదీకి ముందే చేరాలని మీ పక్కింటి మెర్లిన్ గారి చేతికి ఇస్తున్నాను. సమాధుల తోటకు నేనూ వచ్చాను. వెనక నిలబడ్డాను. మీరు నన్ను ఎన్నడూ చూడలేదు గనుక గుర్తుపట్టలేదు.

ముందుగా కొన్ని సవరణలు. నాకు శుక్లాలు లేవు. మీ ప్రతి అక్షరం నేనే చదివాను. సత్యశ్రీ అనే అమ్మాయి నాకు లేదు. నాకు ఇద్దరూ కొడుకులే. ఆ పేరు విమలకుమారి గారు పెట్టారు.

మీరు మొదటి ఉత్తరం రిజిస్టరు చేయడానికి పోస్టాఫీసు వరుసలో నిలబడిన పూట, ఆవిడ మెర్లిన్ గారితో కలిసి మా దుకాణం ముందు ఆటో ఆపించారు.

"ఏటి దీదీ, ఆటోలోనే కూకున్నారేటి? లోపలికి రండి," అన్నాను.

"మెట్లెక్కలేను తమ్ముడూ. జల్దీ విను, ఆయన వచ్చేస్తారు. నీకు ఉత్తరాలు వస్తాయి. అందులో నీకొక్క ముక్క కూడా అర్థం కాకూడదు."

"అదేటి? ఎందుకర్థం కాకూడదు?"

"అర్థమైతే ఉంగరం చేసి ఇచ్చేస్తావు. ఇచ్చేస్తే ఆయనకిక పనేముంటుంది? నా మొహం చూసుకుంటూ కూర్చుంటారు. రాస్తున్నంతసేపూ మనిషి బాగుంటారయ్యా."

ఇద్దరు స్త్రీల ఊహ ఆవిడదే. ఫోనులో చెబుతూ చెబుతూ నవ్వి, మాట పూర్తి చేయలేకపోయారు. అద్దె ఉంగరం మాత్రం నాది. అప్పటికి ఆవిడ ఫోను ఎత్తడం లేదు. మీ ఉత్తరం చదివి, అలా రాయడానికి నా చెయ్యి రాలేదు. అయినా మాట ఇచ్చాను గనుక రాశాను. క్షమించగలరు.

మీ బీరువాలో పోయిన సాక్ష్యం ఆ పూట ఆవిడ కొంగుముడిలోనే ఉండింది. విప్పి నాకు ఇచ్చారు.

"అతికేద్దునా దీదీ? చాలా తేలిక," అన్నాను.

"వద్దు. అంచులు గుచ్చుకోకుండా నున్నగా చెయ్యి, బస్. నా వేలికి ఇంక పట్టదు. ఆయన చిటికెన వేలికైతే ఆ కోత దగ్గర తెరుచుకుని పడుతుంది."

"ఎప్పుడియ్యమంటారు?"

"రద్దు చేస్తున్నానని ఆయనే రాసి పంపుతారు. అప్పుడియ్యి."

"రాయకపోతేనో?"

"రాస్తారు. ఆయన ఏ ఫైలూ తెరిచి వదిలెయ్యరు."

పని పూర్తయ్యాక ఆసుపత్రి నుంచి వెళ్తూ ఒకసారి ఆటో ఆపి, ఉంగరాన్ని అరచేతిలో పెట్టుకుని చూసుకుని, "బాగుంది. పచ్చగా ఉంది," అని తిరిగి ఇచ్చారు.

దానిని ఇందుతో పంపుతున్నాను. లోహం: 1984 నాటిదే. కొత్తది ఒక రవ్వ కూడా కలపలేదు. మీ ఉంగరం పక్క వేలికి తొడగండి. జత కలుస్తుంది.

విధేయుడు,
బలరాం ఆచారి

తా.క.: ఆటో కదులుతుండగా ఆవిడ తల బయటపెట్టి, "నేను పోయాక కూడా నీకేమీ అర్థం కాకూడదు సుమా!" అన్నారు. ఆ ప్రకారం తెలియజేయునది ఏమనగా, టైటానియం గురించి మీరు ఆగస్టులో రాసినది నాకు ఇంతవరకు బోధపడలేదు. దయచేసి వివరంగా, రిజిస్టరు పోస్టులో రాయగలరు. సత్యశ్రీ ఎదురుచూస్తున్నది.