నొక్కిన వేలు ఎవరిది

నోవే మెస్తో,
సెప్టెంబరు మొదటివారం

బావమరిది ఇమ్రిహ్‌కి,

ఇక్కడ నేను తప్ప అందరూ క్షేమం. మీ అక్క జెల్మీరా మీ ఊరు చేరిందనీ, మీ ఆవిడతో కలిసి ప్లమ్ పండ్ల పాకం కాస్తోందనీ పక్కింటావిడ చెప్పింది. నా భార్య ఎక్కడుందో పక్కింటావిడ నోట వినాల్సి వచ్చిందంటే నా బతుకు ఎలా ఏడ్చిందో నువ్వే ఊహించుకో. ఫోను చేద్దామనుకున్నా గానీ నువ్వు నవ్వుతావు. నీ నవ్వు నాకు తెలుసు, నా పెళ్ళిలో మెట్టు తప్పి పడ్డప్పుడు విన్నాను. అందుకే ఉత్తరం.

సంగతేమిటంటే, ఆగస్టులో మేమిద్దరం కారులో క్రొయేషియా సముద్రానికి వెళ్ళాం కదా. దారిలో ఆస్ట్రియా పెద్దరోడ్డుకి టోల్ పాస్ కావాలి. ఇదివరకు అద్దానికి కాగితం ముక్క అంటించేవాళ్ళం. ఇప్పుడు అదీ లేదు. ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని, బండి నంబరు కొట్టి, బండి ఏ దేశానిదో జాబితాలో నొక్కి, డబ్బు కడితే చాలు. మిగతాది రోడ్డు మీద కెమెరాలు చూసుకుంటాయి. అలాగే కొన్నాం. వెళ్ళాం, మునిగాం, ఎర్రగా కాలి తిరిగొచ్చాం.

ఇంటికొచ్చాక పాస్ లేకుండా తిరిగారని జరిమానా నోటీసు. పాస్ ఉంది మహాప్రభో అని రాస్తే వాళ్ళ జవాబు: 'మీ పాస్ స్లొవేనియా వాహనానికి సంబంధించినది.' స్లొవేనియా! పుట్టుకతో స్లొవేకియా వాణ్ణయిన నన్ను! సర్వీసంతా భూగోళం చెప్పి, స్లొవేకియా వేరు స్లొవేనియా వేరు అని గొంతు చించుకున్న నన్ను! నాకు ఒళ్ళు మండిపోయింది. మా పెన్షనర్ల సంఘం వాళ్ళ చేత సభ పెట్టించాను. అక్కడ చిన్న మాటతేడా వచ్చింది. మర్నాడు పొద్దున్నే మీ అక్క బస్సెక్కింది. అంతే, ఇంకేం లేదు. ఎప్పుడొస్తుందో మెల్లగా కనుక్కుని రాయి.

నీ బావ,
వెండెలీన్

తా.క. మా ఇంట్లో ఉప్పు ఎక్కడుంటుందో కూడా కనుక్కో. నేను అడిగానని మాత్రం చెప్పకు.

హ్రాబోవెత్స్,
ఉత్తరం అందిన రోజే

బావకి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నేను నవ్వలేదు. ఒట్టు! నాకూ రక్తం మరిగింది. పోయినేడు ఇటలీలో హోటలువాడు నన్ను చూసి 'ఓ, స్లొవేనియా!' అని నా భుజం తట్టాడు. నేను తల ఊపి ఊరుకున్నాను. ఆ సిగ్గు ఇంకా నా కడుపులో ఉంది. నువ్వు ఊరుకోలేదు చూడు, అదీ మగతనమంటే.

సాయంత్రం సారాకొట్లో నీ సంగతి చెప్పాను. మా ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళం మొత్తం లేచి నిలబడింది. ఈ మధ్య మా ఊళ్ళో ఎక్కడా అగ్గి అంటుకోలేదు బావా, మావాళ్ళకి చేతులు దురద పెడుతున్నాయి. నా వ్యానుకి కట్టడానికి బానర్ రాయిస్తున్నాం. ఎర్ర రంగులో 'మేము స్లొవేనియా కాదు!' అని ఉంటుంది. వియన్నా దాకా పోయి ఆ టోల్ ఆఫీసు ముందు బూరలు ఊదుతాం. నువ్వేం భయపడకు.

అక్క మాత్రం నోరు విప్పడం లేదు. సభలో ఏమైందని అడిగితే 'మీ బావనే అడుగు' అంటుంది. సరిగా తినడం లేదు. చిక్కిపోయింది కూడా. ఎప్పుడొస్తుందో నేనెలా అడగను?

నీ బావమరిది,
ఇమ్రిహ్

తా.క. ఉప్పు నీలం డబ్బాలో ఉందట, పైన 'చక్కెర' అని రాసి ఉన్నదే. 'మీ బావ అడిగాడా?' అంది. 'అబ్బే, ఊరికే తెలుసుకుందామని' అన్నాను. నమ్మినట్టు లేదు.

రెండో తా.క. 'టోల్' అన్న మాట చెవిన పడితే చాలు, అక్క అక్రోట్లని సుత్తితో కొడుతోంది. పెంకుతోపాటు పప్పు కూడా పిండి అయిపోతోంది. మా ఆవిడ ఏడుస్తోంది.

నోవే మెస్తో

ఇమ్రిహ్,

నీకు దండం పెడతాను, ఆ బానర్ ఆపు! బూరలు ఆపు! అగ్నిమాపకం వాళ్ళని ఇళ్ళకి పంపు!

ఇప్పుడు చెప్పేది నీలోనే ఉంచుకో. ఆ ఆఫీసు వాళ్ళు పొరబడలేదు. వాళ్ళు మనల్ని స్లొవేనియా అనుకోలేదు. మనమే వాళ్ళకి అలా చెప్పాం. ఆ పేజీ జర్మన్‌లో ఉంది. మనం మన దేశాన్ని స్లొవెన్స్కో అంటామా? జర్మన్ వాడు 'స్లొవకై' అంటాడు. స్లొవేనియాని ఏమంటాడో తెలుసా? 'స్లొవేనియెన్'. జాబితాలో రెండూ ఒకదాని కింద ఒకటి కూర్చుంటాయి. మన చెవికి మన దేశం పేరులా వినిపించేది ఆ రెండోదే. తంటా అంతా అక్కడే వచ్చింది. మా ఇంట్లోనే, మా కంప్యూటర్ మీదే, వేలు ఒక్క గీత కిందికి జారింది. ఎవరి వేలు అన్నది అంత ముఖ్యం కాదు.

ఊళ్ళో తల ఎత్తుకోలేకుండా ఉన్నాను. రొట్టెల కొట్టుకి వెనక సందులోంచి వెళ్తున్నాను. మీ అక్కని ఎలాగైనా పంపు. ఇల్లు ఇల్లులా లేదు.

నీ బావ

తా.క. స్లొవేనియాలో కూడా మా ఊరిలాగే 'కొత్తూరు' అనే అర్థంతోనే నోవో మెస్తో అని ఒక ఊరుంది. వాళ్ళ బండి నంబర్లు కూడా మన వాటిలాగే ఎన్.ఎమ్. తోనే మొదలవుతాయి. నా ఖర్మ కాలి నా నంబరే అక్కడెవడికైనా ఉంటే, వాడు నా డబ్బుతో ఆస్ట్రియా అంతా హాయిగా తిరుగుతూ ఉంటాడు.

హ్రాబోవెత్స్

బావా,

అర్థమైంది. అంతా అర్థమైంది. 'ఎవరి వేలు అన్నది ముఖ్యం కాదు' అన్నావే, అక్కడ నీ పెద్దమనసు తెలిసింది. అక్క పేరు బయట పెట్టకుండా ఎంత ఒద్దికగా రాశావు! భూగోళం మాస్టారి వేలు జారుతుందా ఎక్కడైనా?

అందుకే నేను వంటింట్లోకి వెళ్ళి అక్కని ఓదార్చాను. 'పోనీలే అక్కా, వేలన్నాక జారుతుంది, దేశాలేమైనా పారిపోయాయా' అన్నాను. చేతిలో గరిట నేల మీద పడింది. 'ఆయన నీకు కూడా రాశాడా?' అంది. 'రాశాడు గానీ చాలా మర్యాదగా రాశాడు' అన్నాను. గదిలోకి పోయి తలుపేసుకుంది. పాకం అడుగంటింది. నేనేం తప్పు మాట్లాడానో నాకిప్పటికీ తెలియదు.

బానర్ సంగతంటావా, ఇప్పుడు ఆపితే పరువు పోతుంది. పక్క ఊరి దళం కూడా వస్తానంది, వాళ్ళకి మనకన్నా పెద్ద బూర ఉంది. గురువారం బయల్దేరుతున్నాం.

ఇమ్రిహ్

తా.క. వియన్నా రోడ్డుకి నా వ్యానుకి కూడా టోల్ పాస్ కొన్నాం. దళం మొత్తం కంప్యూటర్ చుట్టూ మూగింది. జర్మన్ ఎవరికీ రాకపోయినా మన దేశం పేరు ఇట్టే దొరికింది. స్లొవేనియెన్.

నోవే మెస్తో,
అర్జంటు

ఒరే ఇమ్రిహ్!

గురువారం కదిలావో, నా శవం మీదుగా కదలాలి. మూడో ఉత్తరం కూడా నీకు ఇంతే అర్థమైతే నేను ఏట్లో దూకుతాను. కాబట్టి ఈసారి ఏమీ దాచకుండా రాస్తున్నాను. రాస్తుంటే చెవులు కాలుతున్నాయి.

ఆ సభ సంగతి. హాలు నిండా జనం, సగం మంది నా పాత శిష్యులే. ఆస్ట్రియా వాళ్ళ అజ్ఞానానికి సాక్ష్యం అని చెప్పి, నా టోల్ పాస్ రసీదుని గోడంత తెర మీద చూపించాను. నేనే చూపించాను! ఒక్కసారైనా చదివి చావలేదు. వెనక వరసలోంచి బ్లాజెయ్ లేచాడు. ఇప్పుడు మాంసం కొట్టు నడుపుతున్నాడు, చిన్నప్పుడు ఇదే స్లొవేనియా ప్రశ్నకి నేను పరీక్ష తప్పించిన వాడు. 'మాస్టారూ, పై నుంచి రెండో గీతలో ఎస్, ఎల్, ఓ అని ఉందండీ. అది స్లొవేనియా గుర్తు కదండీ. తమరే చెప్పారు' అన్నాడు.

హాలంతా నావైపు తిరిగింది. నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా? 'అది మా ఆవిడ నొక్కింది' అని వచ్చింది.

మీ అక్క మూడో వరసలో కూర్చుంది, సభవాళ్ళ కోసం తను చేసిన గసగసాల రొట్టె పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని. పళ్ళెం పక్క కుర్చీలో పెట్టి, కోటు తొడుక్కుని, ఎవరివైపూ చూడకుండా బయటికి నడిచింది. నేను పిలవలేదు. అందరూ నవ్వుతుంటే నేను కూడా నవ్వాను ఇమ్రిహ్. అది తలుచుకుంటే నాకు అన్నం దిగడం లేదు.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. నేను స్లొవకై మీద నొక్కినట్టే నాకు స్పష్టంగా గుర్తుంది. కళ్ళ ముందు కనబడుతోంది. కానీ రసీదులో వేరేగా ఉంది. అంటే నా బుర్ర పాడవుతోందన్నమాట. మా నాన్నకీ ఇలాగే మొదలైంది. ముందు ఊళ్ళ పేర్లు, ఆ తర్వాత మా పేర్లు. రాత్రిళ్ళు పడుకుని దేశాల రాజధానులు వల్లె వేసుకుంటున్నాను.

నిన్న సంతలో, కూరగాయల బళ్ళ మధ్య పీట ఎక్కి అందరికీ చెప్పాను. 'నా భార్య ఏ తప్పూ చేయలేదు. స్లొవేనియా అని నొక్కింది నేనే. ఆమె మీద నెట్టింది కూడా నేనే' అన్నాను. క్యాబేజీలు అమ్మేవాడు చప్పట్లు కొట్టాడు. పొద్దున్న లేచేసరికి నా గేటుకి స్లొవేనియా జెండా కట్టి ఉంది. బ్లాజెయ్ కొట్లో 'మాస్టారి స్పెషల్, స్లొవేనియా సాసేజ్' అని బోర్డు పెట్టాడు. పెట్టనీ.

ఈ ఉత్తరం మీ అక్కకి చూపించు. రాకపోయినా సరే, చదివితే చాలు.

వెండెలీన్

తా.క. ఆ సాసేజ్ బాగానే అమ్ముడుపోతోందట. మారు పేరుతో పక్కింటావిడ చేత తెప్పించుకుని తిన్నాను. నిజంగానే బాగుంది.

హ్రాబోవెత్స్

వెండెలీన్,

నేను జెల్మీరాని. తమ్ముడు నీ ఉత్తరం బల్ల మీద పెట్టి, పిల్లిలా దొడ్లోకి జారుకున్నాడు. వాడి వ్యాన్ ఎక్కడికీ పోలేదులే. ఆ బానర్ దొడ్లో పరిచి అక్రోట్లు ఎండబెట్టాం.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. నువ్వనుకునే ఏడుపు కాదు. రాజధానులు వల్లె వేసుకుంటున్నావన్న చోట నా వల్ల కాలేదు. అందుకే ఇక చెప్పేస్తున్నాను. నీ బుర్రకి ఏమీ కాలేదు. నువ్వు స్లొవకై మీదే నొక్కావు.

పాస్ కొన్న రోజు, ప్రయాణంలో తినడానికి మాంసం ముక్కలు వేయిస్తున్నాం. నూనె మాడు వాసన వస్తే నువ్వు ముక్కలు తిప్పడానికి వంటింట్లోకి పరుగెత్తావు. నేను కంప్యూటర్ తెర వైపు చూశాను. స్లొవకై అని ఉంది. ఇదేం దేశమో అనుకున్నాను. కింద స్లొవేనియెన్ కనబడింది. అయ్యో, పెద్దాయన కంగారులో పక్క దేశం నొక్కేశాడు, నలుగురిలో నవ్వులపాలవుతాడు అని, నీకు తెలియకుండా నేనే సరిదిద్దాను. నీ పరువు కాపాడుతున్నాననుకుని! నువ్వొచ్చి, కళ్ళద్దాలు లేకుండానే డబ్బు కట్టేశావు. నలభై ఏళ్ళు భూగోళం మాస్టారితో కాపురం చేసి నేర్చుకున్నది ఇదీ.

జరిమానా నోటీసు వచ్చిన రోజే నాకు అనుమానం తగిలింది. చెప్పడానికి నోరు రాలేదు. సభలో నువ్వు 'మా ఆవిడ నొక్కింది' అనగానే, నువ్వు కనిపెట్టేశావనే అనుకున్నాను. కోపంతో వెళ్ళిపోలేదు. నీ మొహం ఎలా చూడను అని సిగ్గుతో పారిపోయాను. తీరా చూస్తే నువ్వు అబద్ధమనుకుని చెప్పింది నిజం, నిజమనుకుని సంతలో పీట ఎక్కి చెప్పింది అబద్ధం. నా కోసం ఊరి ముందు నువ్వు అంత మాట పడ్డావు. నేనేమో ఇక్కడ అక్రోట్లు కొట్టుకుంటూ కూర్చున్నాను.

శనివారం బస్సుకి వస్తున్నాను. వచ్చి ఆ పీట నేను ఎక్కుతాను. నీ మంచిపేరు నీకు తిరిగి రావాలి.

జెల్మీరా

తా.క. ఆ రోజు సభలోంచి వస్తూ ఊడగొట్టుకున్న కోటు గుండీ కుట్టుకున్నాను. గసగసాల రొట్టె పళ్ళెం ఎవరింట్లో ఉందో వెతికి పెట్టు, అది మా అమ్మది.

నోవే మెస్తో

జెల్మీరాకి,

ఉత్తరం అందింది. చదవగానే ఏం చేశానో దాచను. చొక్కా మార్చుకుని, ఆ కాగితం జేబులో పెట్టుకుని, బ్లాజెయ్ కొట్టు గుమ్మం దాకా వెళ్ళాను. లోపల సగం ఊరుంది. నన్ను చూసి 'రండి స్లొవేనియా మాస్టారూ' అన్నాడు. నా చేయి జేబులోకి పోయింది కూడా.

అరకిలో సాసేజ్ కొనుక్కుని ఇంటికొచ్చాను. నీ ఉత్తరం పొయ్యిలో వేశాను. పీటలూ గీటలూ ఎక్కొద్దు. నొక్కింది నేనే. సంతలో ఒకసారి చెప్పిన మాట మళ్ళీ మార్చేవాణ్ణి కాను. శనివారం బస్టాండులో ఉంటాను.

నీ వెండెలీన్

తా.క. బస్సు దిగి నా మొహం చూసి నవ్వకు. ఊరంతా నవ్వినా నేను ఓర్చుకుంటాను గానీ, నువ్వు నవ్వావంటే నిజం అక్కడికక్కడే కక్కేస్తాను.