పింగాణి తొడుగు మీద అనుమానం

ఫసలీ ఖుర్దాద్ నెల, ఎండాకాలం, బుధవారం. మహబూబ్‌నగర్.

ఇవాళ సిమెంటు లేకుండా తొడిగి చూసినప్పుడు నా పంటి పింగాణి తొడుగు చక్కగా కూర్చుంది. అతికించాక పొడుగైంది. నోరు మూస్తే ముందు అదే తగులుతోంది.

పళ్ల డాక్టరును అడిగాను. "పాత సిమెంటు అయిపోయింది సాబ్. గీ కొత్తది జర చిక్కగుంటది, ఎండకు జల్ది గట్టిపడ్డది. తొడుగు పూర్తిగ లోపలికి పోలె, గంతే" అన్నాడు.

సిమెంటు అంత మందం ఉంటుందా? డాక్టరు పళ్లెంలో, నాకంటే ముందు అతికించుకున్న కొల్లాపూర్ వకీలు తొడుగు కూడా నాదాని పక్కనే ఉండింది. నాది ఆయనకు పెట్టాడేమో. ఆయన హాయిగా నవ్వుకుంటూ వెళ్లాడు.

ఇలాంటిదేదో జరుగుతుందనే, అతికించడానికి ముందు డాక్టరు చేతులు కడుక్కుంటుండగా నా తొడుగుకు సిరా చుక్క పెట్టాను. ఇంటికొచ్చి అద్దం ముందు నోరు తెరిచాక గుర్తొచ్చింది, ఎవరికీ కనబడకూడదని పంటికి అతికే లోపలివైపు పెట్టానని. చూడాలంటే మళ్లీ ఆ డాక్టరే ఊడదీయాలి.