సాంచాల వీధిలో గీత

జూన్ 3
డీలిమిటేషన్ ముసాయిదా పటం వచ్చింది. రెండు నియోజకవర్గాల కొత్త సరిహద్దు మా వీధి నడిమధ్య నుంచి పోతోంది. మా ఇల్లు ఒక ఎమ్మెల్యేకు, ఎదురు వరుస మరొకరికి. నిన్నటి దాకా నేతవాళ్లం ఒక సీటును గెలిపించగలిగేవాళ్లం, ఓడించగలిగేవాళ్లం. ఇకపై రెండు చోట్లా లెక్కలో లేనివాళ్లం. కాలేజీ డిబేట్‌లో ఈ పటాన్ని చీల్చి చెండాడాను. కరీంనగర్ బహిరంగ విచారణలో మాట్లాడేందుకు పేరు కూడా ఇచ్చాను.

జూన్ 7
క్లాస్‌మేట్ సాయిచంద్ మా ఎమ్మెల్యే కరుణాకర్ మనిషి. అసలు సంగతి అతనే చెప్పాడు. పక్క సీటు ఎమ్మెల్యే భానుప్రసాద్‌ది ప్రత్యర్థి పార్టీ. టీవీలో ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటారు. కానీ హుజూరాబాద్ రోడ్డు పల్లెలు భానుప్రసాద్‌కు, నేతవాళ్ల బెడద లేని సీటు కరుణాకర్‌కు అని ముందే కుదిరిందట. నీ స్పీచ్ మస్తుంటది గానీ నవనీతా, గా గీత గీసినోళ్లు బిర్యానీ తినుకుంట గీసిండ్రు, స్పీచులు ఇనరు, అని నవ్వాడు. ఈ బేరాన్నే విచారణలో బయట పెడతానన్నాను. అతని నవ్వు ఆగిపోయింది. ఎందుకు అన్నానో.

జూన్ 11
భీము రాలేదు.
సాంచాలు, అంటే మరమగ్గాలు, మావే. నూలు లక్ష్మీరాజం సేటుది. నూలు చుట్టిన రోలరు, అంటే భీము, ఆయన పంపితేనే బాపు నేస్తాడు. అది రాకపోతే సాంచా ఉత్త ఇనుము. ఎదురింటి అంబదాస్ కాకకు వచ్చింది. మాకే రాలేదు. బండి లేటయి ఉంటది, ఫికర్ చెయ్యకుండ్రి, అంటాడు బాపు.

జూన్ 12
రెండో సాంచా కూడా ఆగింది.

జూన్ 14, మధ్యాహ్నం
సేటు ఇంటికి వచ్చాడు. కరుణాకర్ ఎన్నికల ఖర్చు చూసేది ఈయనేనని వాడంతటికీ తెలుసు. పటం మాటే ఎత్తలేదు. నీ బిడ్డ మస్తు మాట్లాడుతదట గదా లింగమూర్తీ, అని బాపును మెచ్చుకున్నాడు. గీ ఎండల ఏడింటి బస్సెక్కి కరీంనగర్ పోవుడెందుకమ్మా, జర పైలం, అని నాతో అన్నాడు. నేనెక్కే బస్సు ఆయనకెలా తెలుసు? మా అమ్మ, అదే అవ్వ, రెండో చాయ పోస్తుంటే కప్పు పొంగి సాసర్ నిండింది.
ఆయన వెళ్లాక అవ్వ, నువ్వు మాట్లాడితే దేశం మారుతదో లేదో, మన పొయ్యి మాత్రం ఆరుతది బిడ్డా, ఊకో, అంది.

జూన్ 18
విచారణ.
నాకంటే ముందు పిలిచిన పేరు లింగమూర్తి. పెళ్లిళ్లకు తొడిగే తెల్లచొక్కాలో, సేటు పక్కనుంచి బాపు లేచాడు. గీత మంచిగనే ఉన్నది సార్, మా నేతోళ్లకు ఏం తక్లీఫ్ లేదు, అన్నాడు. నా వైపు చూడకుండా కూర్చున్నాడు.
తరువాత నా పేరు. కూర్చుకున్న వాదనలో ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. ఇప్పుడు మాట్లాడింది మా బాపు; మా ఇంటికి భీము రావడం లేదు; ఎందుకు రావడం లేదో ఆయన పక్కన కూర్చున్నాయన్ని అడగండి, అన్నాను. అంతే. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక వరుసలో మా వీధివాళ్లు తలలు వంచుకున్నారు.
తిరుగు బస్సులో బాపూ నేనూ ఒకే సీటు. చానా ఖరాబు చేసినవ్ బిడ్డా, అన్నాడు. నా చెయ్యి మాత్రం వదలలేదు.

జూన్ 20
సాంచాల చప్పుడు లేక మెలకువ వచ్చింది. మా ఇంట్లోనే కాదు, వీధి మొత్తంలో. సేటు అందరికీ భీములు ఆపాడనుకున్నాను. కాదట. లింగన్నకు ఇయ్యనిది మాకొద్దని అంబదాస్ కాక తన భీమును సేటు వాకిట్లో దించి వచ్చాడట. గీతకు అటువాళ్లూ ఇటువాళ్లూ తమ భీములతో ఆయన వెంటే నడిచారట.
గెలిచినవ్ పో, అని సాయిచంద్ మెసేజ్.
కిటికీలోంచి చూశాను. అన్ని గడపల్లోనూ మనుషులు ఊరికే కూర్చుని ఉన్నారు. అందరూ మా తలుపు వైపే చూస్తున్నారు. అవ్వ చెప్పింది ఒక్క మా పొయ్యి గురించే. గడియ తీయడానికి చెయ్యి రావడం లేదు.