మహబూబు చెవిలో కలిమా

బుధవారం, రాత్రి

నలభై ఏళ్లు నా పక్క మగ్గం మీద నేసిన మహబూబు ఈ మధ్యాహ్నం కర్నూలు ఆసుపత్రిలో పోయాడు. కొడుకు రఫీ ఫోన్‌లో "నంద్యాల దాటినా, వస్తాండా" అంటూనే ఉన్నాడు. మంచం దగ్గర నేనొక్కణ్నే.

"కలిమా చెప్పప్పా. నాకు నోరు తిరగల్యా" అన్నాడు మహబూబు.

అల్లా తప్ప వేరే దేవుడు లేడనే ఆ మాట, చిన్నప్పుడు వాళ్లమ్మ వాడికి నేర్పుతుంటే పక్కన కూర్చుని నేనూ నేర్చుకున్నదే. అయినా నేను హిందువును.

"నేను చెప్తే చెల్లుతాదా?"

"తొందరగా చెప్పు."

చెవిలో చెప్పాను. ఒకచోట తప్పు పోయింది. వాడు పెదవులు కదిపి సరిచేశాడు. మళ్లీ మొదటినుంచి చెప్పాను. ముగిసేసరికి వాడు లేడు.

రఫీ మతం విషయంలో పట్టింపు మనిషి. వస్తూనే "కలిమా ఎవరు చెప్పినారు పెద్దనాయనా?" అని అడిగాడు. ఎవరో సాయిబు చెప్పాడని అబద్ధమాడదామనుకున్నాను.

"నేనే చెప్పినా. తప్పు పోతే మీ నాయన దిద్దినాడు."

వాడు తండ్రి చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

ఒక మాట రఫీకి చెప్పలేదు. నోటితో కలిమా చెప్తున్నంతసేపూ నా కళ్లముందు ఉన్నది మంత్రాలయం స్వామి.

"పేర్లు వేరే గానీ, ఉండేది ఒగడేలేప్పా" అని మహబూబు ఎప్పుడూ అనేవాడు. నేను తలూపి నా నేతలో పడేవాణ్ని. ఈ రోజు మాత్రం, అది నిజం కాకపోతే వాడి గతేమిటని భయంగా ఉంది.