బుధవారపు కోత

నరసరావుపేట,
11-2-1946

చెల్లెలు మణెమ్మకు,

ఈ ఉత్తరం నీకు చదివి వినిపించే చిన్నప్ప మేష్టారితో, గొంతు తగ్గించవద్దన్నానని చెప్పు. నిన్ను నలుగురిలో తిట్టినవాణ్ణి, గుట్టుగా ఏడిస్తే ఏం న్యాయం?

పత్తి జిన్నింగు మిల్లులో బుధవారం అరగంట ప్రార్థనకు షావుకారు పుల్లారావుగారు సెలవిచ్చారని ఎంత పొంగిపోయాను! ఐగుప్తు రాజు ఫరో మనసు మెత్తబడిందని ప్రసంగించాను. నువ్వు కూటానికి రావడం మాని, దూది దగ్గరే కూర్చున్నావు. ఒక్క పూట కూటికి జ్యేష్ఠత్వం అమ్ముకున్న ఏశావువి నువ్వేనని అందరి ముందూ వేలు చూపించాను. ప్రభువు బల్ల రొట్టెకు దూరం పెట్టాను. మంచం పట్టిన మొగుణ్ణి బండిలో వేసుకుని నకరికల్లు కూలికి పోయావు.

పోయిన నెల మిల్లు గుమాస్తా కాలేషా నవ్వుతూ అన్నాడు: "అయ్యా, పేటలో ఇంత ఖరీదైన ప్రసంగం ఇంకెవరిదీ లేదు."

"ఏంది కాలేషా, ఎగతాళా?"

"తెలియనట్టు అడుగుతావేంది? నీ అరగంటకు మనిషికి సగం రోజు కూలి కోత. నాలుగణాలు! దేవుడి దగ్గర ఉన్నసేపు నా దగ్గర లేరుగా అంటాడు మా షావుకారు."

కూటానికి వచ్చే మీ మిల్లు కాంతమ్మను నిలదీశాను. "చెప్తే నువ్వు రావడం మానేస్తావని చెప్పలేదన్నా" అంది. కూలి బిగబట్టిన ధనికుల మీద యాకోబు భక్తుడి మాటలు వాళ్ళకు ఎన్నిసార్లు వినిపించానో! బిగబట్టిన కూలి మీద నిలబడే వినిపించాను.

అర్జీ రాశాను. ఫ్యాక్టరీల ఇన్స్పెక్టరు వచ్చి కోత అన్యాయమని తేల్చి, అందరికీ తిరిగి ఇప్పించాడు. నువ్వు కూటానికి వచ్చిన ఇరవై ఒక్క బుధవారాలకూ నీకు రావలసిన అయిదు రూపాయల నాలుగణాలు మనియార్డరు చేశాను. ఇక ఈ నోరు ప్రసంగం చేయదు.

పాపి,
కృపావరం

నరసరావుపేట,
2-3-1946

అమ్మా మణెమ్మా,

మనియార్డరు తిరిగొచ్చింది. వెనకే మేష్టారి చేత నువ్వు రాయించిన కార్డు: "డబ్బు మాట తర్వాత. నోరు కట్టేసుకుంటే అన్న మాట ఎనక్కి వస్తదా అన్నా? ఏ నోటితో అన్నావో ఆ నోటితోనే, ఎవరి ముందు అన్నావో వాళ్ళ ముందే ఎనక్కి తీసుకో."

నా మౌనం కూడా గర్వమేనని నీ కార్డు చెప్పింది. నిన్న పని దిగే వేళకు మిల్లు గేటు దగ్గర నిలబడ్డాను. దిగివస్తున్న కూలీల్లో మేరీ పరాచికమాడింది: "ఇయ్యాల కోత లేదుగా అన్నా, ఎంతసేపైనా చెప్పు!" బైబిలు వాక్యం ఎత్తలేదు. "మణెమ్మ తప్పు చేయలేదు. నేను చేశాను. ఆకలిని అవిశ్వాసమన్నాను" అన్నాను. 

కాంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నీకు తెలియక అన్నావు. మణెమ్మ ఎందుకు రాలేదో మాకు తెలుసన్నా. తెలిసీ తలకాయలు వంచుకున్నాం. చానా తప్పు మాది" అంది.

పదో తేదీ ఆదివారం నకరికల్లు వస్తున్నాను. ఒక్కణ్ణే వద్దామనుకున్నాను, వీళ్ళు ఒప్పుకోలేదు. పధ్నాలుగుమందిమి. మా కోసం పొయ్యి ముట్టించకు, సద్ది మూటలు తెచ్చుకుంటాం. మీ వీధిలో నిలబడతాం. తలుపు తీయడం, తీయకపోవడం నీ ఇష్టం.

నీ అన్న,
కృపావరం