కడగని ప్లేట్లు

మిరపగింజా,

నీ ఉత్తరం చేరింది. ఫోనులో ఏడిస్తే వినబడుతుందని కాగితం మీద ఏడ్చినట్టున్నావు, సిరా అక్కడక్కడా అలుక్కుపోయింది. నేను ఉద్యోగమంతా లెక్కలు చెప్పినదాన్ని, జీవశాస్త్రం నాకు దూరపు చుట్టం. అర్థమైనంత అప్పజెబుతాను, తప్పుంటే దిద్దు.

కణానికి ఆకలేస్తే తన లోపలి పాత సామానే సంచుల్లో మూటగట్టి, అరిగించుకుని బతుకుతుంది. మీరు ల్యాబులో ప్లేట్లలో కణాలు పెంచి, వైరస్ అంటించి, కొన్నిటిని పస్తు పెట్టారు, వాటిలో వైరస్ తగ్గింది. ఆ మూటల్లో పడి వైరస్ కూడా అరిగిపోయిందని రాశారు. పరిశోధన పేపరు అచ్చుకు వెళ్ళింది. మొదటి పేరు నీదే, నీ డాక్టరేటూ దానిమీదే. ఇప్పుడేమో, పస్తు పెట్టాల్సిన ప్లేట్లను ముందు కడిగావనీ, తిండి పెట్టినవాటిని కడగలేదనీ గుర్తొచ్చింది. వైరస్‌ను కణాలు తిన్నాయో, నువ్వే కడిగి పారబోశావో తెలియదు. "నాకు తప్ప ఎవరికీ తెలీదు అమ్మమ్మా, ఊరుకోనా?" అని అడిగావు.

ఊరుకోమనీ చెప్పను, వద్దనీ చెప్పను. నీ దగ్గర దాచిన సంగతి ఒకటుంది, అది చెబుతాను. పోయిన నెల నేను స్నానాలగదిలో జారిపడ్డానని మీ అమ్మ చెప్పింది కదా. జారలేదు. జ్వరంలో తిండి మానేశాను. నీ ఫలితం ఫోనులో విన్నప్పటినుంచి నాకు పస్తు మీద మహా భక్తి. మీ అమ్మ కంచం తెస్తే, "తీసుకుపో, నా కణాలు చూసుకుంటాయి" అన్నాను.

"డెబ్భై తొమ్మిదేళ్ళు నీకు. అవి తినడానికి నీలో ఏం మిగిలిందమ్మా?" అంది. ఎంత మాట!

కళ్ళు తిరిగి పడ్డాను. నీకు చెప్పనని మీ అమ్మ చేత ఒట్టు వేయించుకున్నాను. పడింది నా అతి తెలివి వల్ల, నీ వల్ల కాదు. కాకపోతే ఆ పేపరు అచ్చయితే నాలాంటి చదువుకున్న మొద్దులు చాలామంది నమ్ముతారు. వాళ్ళందరికీ మీ అమ్మలాంటి కూతురు ఉండకపోవచ్చు.

అన్నం తిని ఆలోచించు.

నడుం ఇంకా పట్టేసి ఉన్న
మీ అమ్మమ్మ

*

ఓసి గడుగ్గాయీ,

చెప్పేశావన్నమాట! మీ ల్యాబు పెద్దసారు "ఇన్నాళ్ళూ కళ్ళెక్కడ పెట్టుకున్నావు?" అని అరిచి, ఆ తర్వాత "నేను మాత్రం ఎక్కడ పెట్టుకున్నానులే" అన్నారని రాశావు. ఆయన ఇంట్లో ఎవరో ఆయన్ని బాగానే పెంచారు.

పేపరు వెనక్కి తీసుకోవడం, పక్కబల్లవాళ్ళు నిన్ను చూసి ముఖం తిప్పుకోవడం, డాక్టరేటు వాయిదా పడటం చదివి మీ అమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను అద్దాలు తుడుచుకున్నాను, అంతే.

ఈసారి అన్ని ప్లేట్లూ కడిగి మళ్ళీ చేసి, ఆ తర్వాత ఈ పనే మానేస్తానంటున్నావు. ముందు కడుగు తల్లీ. మానేయడం ఎక్కడికీ పోదు.

నీకంటే మొండిదైన
అమ్మమ్మ

*

నా బంగారు మిరపగింజా,

అన్నీ కడిగి చూస్తే, పస్తున్న కణాల్లోనే వైరస్ పెరిగిందా! ఆ మూటల్లో అరగకపోగా, వాటినే గూడు చేసుకుని పిల్లల్ని పెడుతోందా! చెత్త ఎత్తడానికి బండి పంపితే దొంగ అందులోనే కాపురం పెట్టాడన్నమాట.

అయితే జ్వరంలో పస్తుండి వాడికి గది అద్దెకిచ్చానా అని కంగారుగా ఫోను చేస్తే, "ప్లేటులో కణాలకీ నీకూ చాలా దూరం అమ్మమ్మా, అంత దూరం పోకు" అని నవ్వావు. ఆ ముక్క మొదటిసారే చెప్పి ఉంటే నా నడుం మిగిలేది.

మానేస్తానన్న మాట ఈసారి నీ ఉత్తరంలో లేదు. కాగితం తిరగేసి కూడా చూశాను.

పక్కింటి రిటైర్డు జడ్జిగారు, "మీ మనవరాలి పేపరు ఏమైందండీ?" అన్నారు. "తన తప్పు తనే పట్టుకుంది" అన్నాను గొప్పగా. "అయ్యో పాపం" అన్నారు. తీర్పులు చెప్పిన మనిషి! కూర్చోబెట్టి, కడగడం దగ్గర్నుంచి మొత్తం వివరించాను. ఆయన టీ చల్లారిపోయింది. ఇప్పుడు వీధిలో ఆయనే అందరికీ చెబుతున్నారు.

మీ అమ్మ కంచం పెట్టి ఎదురుగా కూర్చుంది. ఖాళీ అయ్యేదాకా కదలదట. నా మాట చాలదట, కళ్ళారా చూడాలట. నీ పోలిక ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది.

మారు అడిగి వడ్డించుకుంటున్న
మీ అమ్మమ్మ