బర్కా మేకలు, కోళ్ళు

సుమలతా, ఉలి తగిలిన వేలు మానింది, దిగులుపడకు.

ఒమాన్‌లో మా బర్కా వర్క్‌షాపుకు ఫ్రాన్సు పాత కుర్చీలు రిపేరుకు వచ్చాయి. పదిహేనో లూయీ రాజు కాలంవాటి కాళ్ళు మేక వెనక కాళ్ళలా వంపు తిరిగి ఉంటాయి. పదహారో లూయీ కాలంవి మన మంచం కోళ్ళలా నిటారుగా, నిలువు గీతలతో ఉంటాయి. కలిసిపోకుండా సుద్దముక్కతో ‘మేకలు’, ‘కోళ్ళు’ అని రాశాను.

మన తెలుగు డ్రైవరు అది చదివి ముదీరు సాబుకు, అదే మా మేనేజరుకు, చెప్పాడట. ఆయన పరుగున వచ్చి, “బక్రీ కిదర్, ముర్గీ కిదర్?” అన్నాడు. కుర్చీలు చూపించి సంగతి చెప్పాను. తన దగ్గరున్న పాత కుర్చీల పుస్తకంలో బొమ్మలతో సరిచూశాడు, ఒక్కటీ తప్పలేదు. నవ్వి నవ్వి, నేనడిగిన లీవు కాగితం మీద సంతకం పెట్టాడు.

“మంచం కోడు ఊగుతాంది” అన్నావు కదా. ఎవరినీ పిలవకు, నేనే వచ్చి బిగిస్తాను. పాపకు ముద్దులు. మిగతాది రాయను, కార్డు పోస్టాయన చదువుతాడు.

రాజేశం